సరంగు గవ్వలయ్య కాలిన అరచేయి

అన్యాయం ఎవరికి జరిగింది? ఉదీచ్యపురపు రేవులో ముప్పై ఏళ్ళు ఓడలు నడిపిన సరంగు గవ్వలయ్యకు. ఎవరు చేశారు? ఆ రాజ్యమేలే శిశిరసేన మహారాజు. ఎలా చేశాడు? నిండు సభలో, పట్టపగలు, ఎర్రగా కాల్చిన ఇనుప పలకను గవ్వలయ్య కుడి అరచేతికి అదిమించి. ఎందుకు? నిజం చెప్పినందుకు.

ఈ మాటలు ముందే చెప్పవలసి ఉంది. ఓడల వేగమూ, మాంత్రికుల గారడీ మొదలైన తరువాత అసలు సంగతి వెనుకబడిపోకూడదు.

ఉదీచ్యపురం భూమికి ఉత్తరపు అంచున ఉండేది. తూర్పున అదే వరుసలో ఉన్న తుషారదేశంలో ఏడాదికి ఏడు నెలలు సముద్రం రాయిలా గడ్డకట్టి, ఓడలు మంచు దవడల మధ్య చిక్కి పగిలిపోయేవి. ఉదీచ్యపురంలో మాత్రం నడి చలికాలంలో సైతం రేవు నీళ్ళు కదులుతూనే ఉండేవి. పాలరాతి బురుజుల చుట్టూ సముద్రపు ఆవిరి ముత్యాల తెరలా వేలాడేది. తీరం వెంబడి దానిమ్మతోటలు అందరికంటే ముందుగా చిగిర్చేవి. ఈ వింతకు కారణం తన అగ్నికుండమేనని మాంత్రికుడు ధూమకంఠుడు చాటించాడు. నగరం వెనుక జ్వాలాశిఖరం మీద ఆ కుండం ఆరకుండా మండేది. దానికి మేతగా ప్రతి ఇల్లూ నెలకొక కట్టెలమోపు పంపాలి. ఎవరి మోపో తెలియడానికి ప్రతి కట్టె మీదా ఆ ఇంటి సున్నపు గుర్తు వేయాలి. మోసేవారి కళ్ళకు కొండ పాదం దగ్గరే గంతలు కట్టేవారు. అగ్నిదేవుణ్ణి చూసిన కళ్ళు పేలిపోతాయని చెప్పేవారు. అడవులు తరిగిపోయాయి. పేదవాడి పొయ్యిలోకి పుల్ల దొరకడం లేదు, కొండ మీది మంటకు మాత్రం ఏ లోటూ లేదు.

ఇరవై రెండేళ్ళ కిందట గవ్వలయ్య సభలో నిలబడి ఇలా అన్నాడు.

"మహాప్రభూ! దక్షిణాన పగడపు దీవుల దగ్గర సముద్రం ఎండకు కాగుతుంది. ఆ కాగిన నీళ్ళు సముద్రంలోనే ఒక ఏరై, గాలి తోడుతో మన రేవు దాకా నడిచి వస్తాయి. జాముకొకసారి చెయ్యి ముంచి చూసుకుంటూ ఆ ఏటి వెంటే వచ్చాను. మనల్ని కాచేది కొండ మీది మంట కాదు. నా మాట నమ్మవద్దు. ఒక్కసారి తమ చెయ్యి రేవు నీళ్ళలో పెట్టి చూడండి. నేను కోరేది అంతే."

సింహాసనమెక్కిన చేయి ఉప్పునీరు తాకరాదని ఆ వంశంలో కట్టడి. రాజు లేవలేదు. ధూమకంఠుడు పొగలాంటి గొంతుతో నవ్వి, "అబద్ధమాడింది నాలుక కాదు మహారాజా, ఆ చెయ్యి" అన్నాడు. ఆ చేతికే శిక్ష పడింది. అంతకు ముందు సంవత్సరమే, నౌకావిహారంలో అలల పాలైన నాలుగేళ్ళ రాకుమారుణ్ణి జుట్టు పట్టి పైకి లాగింది ఆ చెయ్యే. ఆ రుణానికి రాజు చేసిన చెల్లింపు ఇది. ఆనాటినుంచి గవ్వలయ్య అరచేతికి వెచ్చనా చల్లనా తెలియదు.

ఆ రాకుమారుడు ఋతుసేనుడు ఇప్పుడు ఇరవై ఏడేళ్ళ యువకుడు. గవ్వలయ్య కూతురు పగడాలు ఆ తీరంలో తండ్రి విద్య పూర్తిగా నేర్చిన ఒకే ఒక్క సరంగు. గవ్వలయ్య మాట నిజమో కాదో కళ్ళతో చూడాలని ఇద్దరూ ఆరు నెలల కిందట ఒక చిన్న ఓడలో దక్షిణానికి బయలుదేరారు. ఏరు పుట్టే చోటు చూశారు. తిరిగి వచ్చే దారిలో ఎదురైన వర్తకుల ఓడ పిడుగులాంటి వార్త చెప్పింది: ధూమకంఠుడు గవ్వలయ్యను చెరలో వేయించాడు, ఏడాదిలోకెల్లా పగలు చిన్నదైన రోజున, మిట్టమధ్యాహ్నం వేళ, ముసలి సరంగును అగ్నికుండానికి అర్పిస్తారట.

ఆ రోజుకు ఇంక మూడే రోజులున్నాయి.

*

"పగడాలూ, ఇంకెంత దూరం?"

"తవరు ఇది ఇరవయ్యోసారి అడగడం. ఇంకోసారి అడిగితే ఓడ ఆపేసి లెక్కెట్టి చెబుతాను" అంది పగడాలు చుక్కాని దగ్గరనుంచి. మాట కటువుగానే ఉన్నా, తన వాటా రొట్టెలో సగం విరిచి రాకుమారుడి చేతిలో పెట్టింది. "తినండి. ఆకలితో అడిగే ప్రశ్నలన్నీ ఒకలాగే ఉంటాయి."

ఉదయపుటెండలో సముద్రం రెండుగా చీలినట్లు కనిపిస్తోంది. ఎడమవైపు ఆకుపచ్చగా, మసకగా, మంచుపెళ్ళలు తేలే చల్లని నీరు. ఓడ కింద చిక్కని నీలిమందు కలిపినట్లు వెచ్చని నీరు. రెంటి మధ్య తెల్లని నురుగు అంచు వెండిజరీలా సాగిపోతోంది. రెండు నీళ్ళూ ఒరుసుకునే చోట పొగమంచు గోడలా లేచింది. ఆ గోడ వెంబడి చేపలు ఎగురుతున్నాయి, చేపల కోసం పక్షులు వాలుతున్నాయి. పగడాలు వంగి చెయ్యి ముంచింది. ఆ తడిచేతిని చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"ఏటి నడుం మీదే ఉన్నాం. ఇక్కడ వేగం ఎక్కువ. అంచుకు పోతే నెమ్మదిస్తుంది."

"నాకొక అనుమానం" అన్నాడు ఋతుసేనుడు రొట్టె నములుతూ. "ఇంత నీరు ఏళ్ళ తరబడి ఉత్తరానికి వస్తూనే ఉంటే, దక్షిణ సముద్రం ఎప్పుడో ఎండిపోవాలి కదా?"

పగడాలు ముఖం వికసించింది. "మా అయ్య ఈ ప్రశ్న కోసం ముప్పై ఏళ్ళు ఎదురు చూశాడు. ఒక్క దొరా అడగలేదు." ఆమె బరువైన రాయి కట్టిన పొడవాటి తాడును అడుగుకు వదిలింది. పైపై నీళ్ళలో తాడు ఓడతోపాటే వచ్చింది. ఇంకా వదిలింది, ఇంకా వదిలింది. చాలా లోతుకు పోయాక తాడు వెనక్కి, దక్షిణానికి వాలింది. "చూశారా? అదే తిరుగుదారి. ఈ నీళ్ళు మన గాలికి వెచ్చదనం ఇచ్చేస్తాయి. ఆ గాలి మన తోటల మీదికి పోతుంది. ఇచ్చేసిన నీళ్ళు చల్లబడతాయి, బరువెక్కుతాయి, అడుక్కి దిగి నెమ్మదిగా ఇంటికి పోతాయి. మళ్ళీ ఎండ, మళ్ళీ ప్రయాణం. సముద్రం ఎవరి బాకీ ఉంచుకోదంటాడు అయ్య. రాజులే ఉంచుకుంటారంటాడు."

రాకుమారుడు తలదించుకున్నాడు. పగడాలు తన మాట ఎక్కడ తగిలిందో గ్రహించి, "తవరిని అనలేదు" అంది మెల్లగా.

"నన్ను కూడా అనాలి. ఆ చేయి నన్ను లాగకపోతే నేను లేను."

ఆమె జవాబు చెప్పేలోపే ఉత్తర దిక్కు నల్లబడింది.

మేఘం కాదు. జ్వాలాశిఖరం నుంచి లేచిన పొగ ఆకాశమంత పొడవున సాగి, కొండంత తలా, గుహల్లాంటి ముక్కుపుటాలూ, తోలుతిత్తుల్లాంటి బుగ్గలూ దాల్చి ఓడ మీదికి వంగింది. ధూమకంఠుడు పంపిన పొగభూతమది.

"చేపలోళ్ళారా! చుక్కాని తిప్పండి! వచ్చిన దారినే పొండి!" అని అది గర్జించింది.

"నీ ముక్కు తుడుచుకోరా ముందు!" అని తెరచాప కొయ్య మీదనుంచి అరిచాడు దుంపన్న. అతడు ఆ ఓడలోని పన్నెండుమంది కళాసీలకూ పెద్ద, నోటికి అదుపు లేనివాడు.

భూతం బుగ్గలు పూరించి ఊదింది. ఎదురుగాలి గోడలా వచ్చి కొట్టింది. తెరచాప నిలువునా గుంజుకుంది, ఓడ వెనక్కి జరిగింది, దుంపన్న కొయ్యను కావలించుకుని గాలిపటంలా వేలాడాడు. తాళ్ళు తెగుతున్నాయి. మరొక్క ఊపిరికి ఓడ తలకిందులు కావలసిందే.

"తెరచాప దించండి!" అని అరిచింది పగడాలు. "దించి సముద్రంలో పడెయ్యండి!"

"అయ్యయ్యో, పిల్లకి మతిపోనాది! చాపని సముద్రంలో పారేస్తే ఓడ దేనితో నడుస్తాది, నీ కోకతోనా?"

"దుంపన్న బావా, నోరు మూసి తాడు పట్టు! కింది వాసానికి రాళ్ళ బస్తాలు కట్టండి. పైవాసం తాళ్ళు ఓడ ముక్కుకి కట్టండి. చాప నీళ్ళలో నిలువుగా వేలాడాలి. త్వరగా!"

రాకుమారుడు అందరికంటే ముందు బస్తా ఎత్తాడు. చాప నురుగులో మునిగి, రాళ్ళ బరువుకు కిందికి దిగి, భూతపు ఊపిరి అందని లోతులో నిటారుగా నిలిచింది. క్షణకాలం ఏమీ జరగలేదు. తరువాత తాళ్ళు తంత్రుల్లా బిగుసుకుని మోగాయి. గాలి ఎత్తవలసిన చాపను ఇప్పుడు ఏరు ఎత్తింది! నీలిసముద్రపు బలమంతా ఆ గుడ్డలో నిండి, కాడికి కట్టిన ఎద్దు బండిని లాగినట్లు, ఓడను ముక్కు పట్టి ముందుకు లాగింది. పైన గాలి దక్షిణానికి కొడుతోంది, ఓడ ఉత్తరానికి పోతోంది!

భూతం తన కళ్ళను తాను నమ్మలేకపోయింది. మరింత ఊదింది. ఓడ మరికొంత ముందుకు పోయింది. ఇంకా ఊదింది. ఊదిన ప్రతిసారీ దానిలోని పొగే ఖర్చవుతోంది. బుగ్గలు సన్నగిల్లాయి, భుజాలు చిరిగాయి, ముక్కు మాయమైంది. చివరకు దొన్నెలో పట్టేంత పొగ మిగిలి, ఓడ మీదుగా పోతూ ఒక్కసారి దగ్గి ఆరిపోయింది.

"పాపం, జలుబు చేసినాది" అన్నాడు దుంపన్న కొయ్య దిగుతూ.

*

మూడవనాటి ఉదయం ఓడ నగరానికి దక్షిణాన ఉన్న నిర్జనమైన తీరంలో ఆగింది. ఇసుక మీద అక్కడక్కడ కొబ్బరికాయలు పడి ఉన్నాయి. ఆ దేశంలో కొబ్బరిచెట్టు ఒక్కటి కూడా లేదు. అయినా ఏటేటా తీరానికి కాయలు వచ్చేవి. అవి అగ్నిదేవుడు కొండ నుంచి విసిరిన అగ్నిఫలాలని ధూమకంఠుడి శిష్యులు చెప్పి, ప్రజలచేత మొక్కించేవారు. పగడపు దీవుల్లో తొలిసారి కొబ్బరితోట చూసిననాడు ఋతుసేనుడు నేలమీద కూర్చుండిపోయి కన్నీరు వచ్చేదాకా నవ్వాడు.

పగడాలు ఒక కాయను కాలితో దొర్లించి ఆగిపోయింది. దాని మీద కత్తితో చెక్కిన అక్షరాలున్నాయి. అవి ఆమె పేరు.

"ఇదేటి దొరా?"

రాకుమారుడి చెవులు ఎర్రబడ్డాయి. "దీవిలో దిగిన మొదటి వారంలో నీటిలో వదిలాను. ఏరు నిజంగా ఇక్కడిదాకా వస్తుందో లేదో పరీక్షిద్దామని."

"పరీక్షకు నా పేరే దొరికిందా?"

"అది తప్పకుండా ఇల్లు చేరుతుందనిపించింది."

పగడాలు ఆ కాయను ఒళ్ళో మూట కట్టుకుంది.

ఇక ఆలస్యం చేసే వీలు లేదు. అర్పణ రోజు కావడంతో ప్రతి ఇంటినుంచీ మోపులు కొండకు సాగుతున్నాయి. రాకుమారుడు ముఖానికి మసి పూసుకుని, గోనెపట్టా కప్పుకుని, మందంగా గడ్డి చుట్టిన కట్టెలమోపు నెత్తికెత్తుకున్నాడు. మోపులో ఒక చిన్న గొడ్డలి. కుండాన్ని దగ్గరనుంచి చూసి, మాంత్రికుడి మోసానికి రుజువు తేవాలని ఆలోచన. పగడాలు రేవుకు పోయి, ఎలాగైనా తండ్రిని కొండెక్కించకుండా ఆపాలి.

"మిట్టమధ్యాహ్నం అయ్యేలోగా" అన్నాడు అతడు.

"ఒక్క క్షణం ఆలస్యమైనా మీతో మాట్లాడను" అంది ఆమె.

కొండ పాదం దగ్గర శిష్యుడొకడు అతడి కళ్ళకు గంత కట్టి, ముందున్నవాడి పట్టా కొస చేతిలో పెట్టాడు. గుడ్డివాళ్ళ బారులా మోపులు పైకి కదిలాయి. పైకి పోయేకొద్దీ కుండపు గర్జన పెరుగుతోంది. వేడి కూడా పెరగాలి కదా? పెరగడం లేదు. చెవులు చలికి మొద్దుబారుతున్నాయి! మరి పదడుగులు వేశాడు. కాలు జర్రున జారింది. మోపుతో సహా వెల్లకిలా పడ్డాడు. అరచేతికి తగిలినదేమిటో అర్థమైన మరుక్షణం గంత పీకి పారేశాడు.

ఎదుట దృశ్యం అద్భుతం! నల్లరాతి సింహాలు మోసే బ్రహ్మాండమైన కుండం. అందులో తాటిచెట్టంత మంట, కెంపులూ పుష్యరాగాలూ కరిగించి పోసినట్లు నాలుకలు చాస్తూ నాట్యమాడుతోంది. దానికి ఇరవై అడుగుల దూరంలో ఒక మడుగు. ఆ మడుగు అడుగుదాకా గడ్డకట్టి, అద్దంలా మెరుస్తోంది! కుండం చుట్టూ శిష్యులు తలకు నాలుగేసి కంబళ్ళు కప్పుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటూ చేతులు కాచుకుంటున్నారు. పక్కనున్న మడుగును కరిగించలేని మంట, కోసు దూరంలోని సముద్రాన్ని వెచ్చబెడుతోందట!

రాకుమారుడు గొడ్డలి తీశాడు. నాలుగు దెబ్బలకు బిందెంత మంచుగడ్డ ఊడివచ్చింది. దానిలో నిరుటి బూడిద, సగం కాలిన ఒక కట్టె చిక్కుకుని ఉన్నాయి. ఆ కట్టె మీది సున్నపు గుర్తును అతడు వెంటనే గుర్తుపట్టాడు. గడ్డను గడ్డిలో చుట్టి మోపు మధ్యలో దూర్చాడు.

"ఎవడ్రా వాడు? గంత తీశాడు! పట్టుకోండి!"

కంబళ్ళు ఎగిరిపడ్డాయి. బల్లెం ఒకటి అతడి చెవి పక్కనుంచి పోయి మంచులో దిగబడింది. ముందు శిష్యులు, వెనుక కుండం. మిగిలినది ఒకటే దారి: గడ్డకట్టిన వాగు, నిలువుగా రేవుదాకా దిగే తెల్లని జారుడుబండ. ఋతుసేనుడు మోపు మీద గుర్రమెక్కినట్లు కూర్చుని, గొడ్డలితో ఒక్క తోపు తోశాడు. మోపు బాణమై దూసుకుపోయింది. బండలు రెండువైపులా గీతలయ్యాయి. మలుపులో గొడ్డలి ఆనించి తిప్పాడు. కాపలా గుడిసె అడ్డువస్తే ముందు తలుపులోంచి దూరి, అంబలి తాగుతున్న ఇద్దరు భటుల మధ్యగా వెనుక తలుపులోంచి బయటపడ్డాడు. భటుల చేతుల్లో గిన్నెలు అలాగే ఉన్నాయి.

*

రేవులో జనం కిక్కిరిసి ఉన్నారు. అలంకరించిన బండి మీద గవ్వలయ్యను స్తంభానికి కట్టారు. శిశిరసేనుడు పల్లకిలో, రాణి హిమవతి పక్కన, తలవంచుకు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ రాజు గవ్వలయ్య కళ్ళలోకి చూడలేదు.

జనాన్ని చీల్చుకుని పగడాలు బండి చక్రానికి అడ్డంగా నిలబడింది.

ముసలాయన ముఖం వెలిగింది. "వచ్చావా అమ్మా? తిన్నావా?"

"తిన్నాను అయ్యా."

"అబద్ధం. చెంపలు లాగేసినాయి. అంబలి నీ కోసం అట్టిపెట్టమన్నాను కానీ ఈళ్ళు వినిపించుకోలేదు."

"లాగెయ్యండి దీన్ని!" అన్నాడు ధూమకంఠుడు. మనిషి నిలువెల్లా బూడిదరంగు. మాట్లాడితే నోట పొగ వచ్చేది. "మధ్యాహ్నం కావస్తోంది."

"మహారాజా!" పగడాలు కొబ్బరికాయను పైకెత్తింది. "దీని మీద మీ అబ్బాయి దక్షిణ దీవిలో నా పేరు చెక్కాడు. ఈ ఉదయం మన తీరాన దొరికింది. అగ్నిదేవుడికి నా పేరెలా తెలిసింది?"

జనంలో కలకలం. ఎవరో ముసలమ్మ, "నేను రోజూ దానికా దణ్ణం పెడుతున్నది!" అంది కోపంగా.

"పిల్ల తానే చెక్కుకుంది" అన్నాడు మాంత్రికుడు తాపీగా. "తండ్రి చెయ్యి అబద్ధమాడింది, కూతురి కత్తి అబద్ధమాడింది. బండి నడపండి!"

చక్రం కదిలింది. అదే క్షణంలో వాగు చివర పెద్ద చప్పుడు. కట్టెలమోపొకటి గాలిలోకి లేచి, నాలుగు చేపలగంపలు దొర్లించి, బండి ముందు వచ్చి ఆగింది. మీదున్న మసిమనిషి లేచి ముఖం తుడుచుకున్నాడు.

"రాకుమారుడు!" అని జనం హోరెత్తింది.

ఋతుసేనుడు గడ్డి విప్పి, మంచుగడ్డను తండ్రి పాదాల ముందు పెట్టాడు. "నాన్నగారూ, ఇది అగ్నికుండానికి ఇరవై అడుగుల దూరంలోది. అక్కడి మడుగంతా ఇంతే. ఆ మంటకు దాని పక్కనున్న నీళ్ళే కరగలేదు."

"ఏ పర్వతంలోదో!" అన్నాడు ధూమకంఠుడు. నోటి పొగ కాస్త పలచబడింది.

"ఇందులో చిక్కిన కట్టె చూడండి. గుర్తు చదవండి."

రాజు వంగి చూశాడు. సున్నపు నెలవంక. అది రాణి హిమవతి తన చేత్తో వేసే అంతఃపురపు గుర్తు. కొండకు తప్ప మరెక్కడికీ పోని గుర్తు.

శిశిరసేనుడు పల్లకి దిగాడు. మంత్రి కంగారుగా, "ప్రభూ, సింహాసనమెక్కిన చేయి ఉప్పునీరు తాకరాదు" అన్నాడు. రాజు ఉంగరాలు ఒక్కొక్కటే తీసి మంత్రి దోసిట్లో పోశాడు. నీటి అంచున మోకరిల్లాడు. అతడి ఊపిరి చలికి తెల్లగా పొగలు కడుతోంది. కుడిచేయి మణికట్టుదాకా సముద్రంలో ముంచాడు. చాలాసేపు తీయలేదు.

"వెచ్చగా ఉంది" అన్నాడు తనలో తాను. తరువాత లేచి, ప్రజలవైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పాడు: "నీరు వెచ్చగా ఉంది! గవ్వలయ్య నిజం చెప్పాడు. అబద్ధమాడింది అతడి చేయి కాదు. భయపడింది నేను. అతడు నన్నొక్కటే కోరాడు, దానికి నేను కుర్చీనుంచి లేవలేదు. తప్పు నాది."

కట్లు తామే తెంచి జనం గవ్వలయ్యను దించారు. ధూమకంఠుడి రూపం చెదిరింది. వాడి ఒళ్ళంతా పొగై సుడులు తిరిగి ఆకాశానికి లేచింది.

"వెచ్చదనం ఏటిదే అయితే ఆ ఏటి గొంతే నులుముతాను! పగడపు దీవుల మధ్య ముత్యాల ఇరుకులో మంత్రశిల పాతి దారి మూసేస్తాను! వచ్చే చలికాలానికి మీ రేవు, మీ తోటలు, మీ పిల్లల ఉయ్యాలలు, అన్నీ రాయి!" పొగ దక్షిణానికి దూసుకుపోయింది.

కేకలు చెలరేగాయి. పగడాలు అప్పటికే ఓడ రప్పించమని దుంపన్నకు కేక వేస్తోంది. ఋతుసేనుడు, "ముత్యాల ఇరుకులోకి దారి ఎవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు" అన్నాడు గవ్వలయ్య. "నా ఒక్కడికే. పిల్ల చూసింది బయటి దీవుల దాకానే. అది నా తలలో ఉంది. పోయేటప్పుడు ఏటికి ఎదురీదకూడదు. పక్కనున్న చల్లని వాలులో, అంచు తప్పకుండా పోవాలి. ఇరుకు దగ్గర రెండు నీళ్ళూ జడలా పెనవేసుకుని ఉంటాయి. బారకొకసారి చెయ్యి ముంచి చూడాలి. ఒక్క బార తప్పితే ఓడ రాళ్ళ పాలు." ఆయన అరచేయి చాచాడు. మచ్చ నున్నగా, తెల్లగా, చచ్చిన తోలులా ఉంది. "పిల్ల చుక్కాని వదలకూడదు. కుర్రాడు తెరచాప వదలకూడదు. కళాసీల చేతులకు నీళ్ళూ తాడూ ఒకటే. నా చెయ్యేమో ఇది."

శిశిరసేనుడు కిరీటం తీసి రాణి చేతికిచ్చాడు. "కట్టెల పన్ను ఈ రోజుతో రద్దు. నేను వచ్చేదాకా న్యాయం నీ పూచీ" అన్నాడు. తరువాత గవ్వలయ్య ముందు నిలబడి, ఇరవై రెండేళ్ళ తరువాత మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు.

"నీ చెయ్యి కాల్చింది నేను. దానికి బదులు నా దగ్గర ఒక చెయ్యి ఉంది. తీసుకో."

గవ్వలయ్య ఆ ముఖాన్ని పరీక్షగా చూశాడు. "ఇది సింహాసనం కాదు ప్రభూ. జాముకు పదిసార్లు లేపుతాను. తప్పు చెబితే తిడతాను."

"తిట్టు" అన్నాడు రాజు.

*

మంత్రశిల భూమిలో దిగకముందే ఇరుకు చేరాలి. ఓడ దక్షిణానికి పరుగెత్తింది. ఏడు పగళ్ళు శిశిరసేన మహారాజు ఓడ ముక్కున బోర్లా పడుకుని, చల్లని సముద్రంలో చెయ్యి ముంచుతూనే ఉన్నాడు. గోళ్ళు నీలమయ్యాయి, వేళ్ళు పగిలి ఉప్పు మండింది. మొదటి రోజు రెండుసార్లు తప్పు చెప్పాడు. గవ్వలయ్య నిజంగానే తిట్టాడు, దుంపన్న వంతపాడాడు. మూడవ రోజుకు తప్పులు ఆగాయి. అయిదవ రోజున ఓడ అంచు దాటబోతోందని గవ్వలయ్యకంటే ముందే పసిగట్టాడు. ముసలి సరంగు ఆ పూట తన కంబళి తీసి రాజు వీపు మీద కప్పాడు.

ఎనిమిదవ ఉదయం ముత్యాల ఇరుకు కనబడింది. పాలనురుగులో నల్లరాళ్ళు కోరల్లా లేచి ఉన్నాయి. వాటికి అవతల, దీవి కొమ్ము మీద, సన్నని పొగచార వంకరలు తిరుగుతోంది. ధూమకంఠుడు మంత్రం మొదలుపెట్టాడు, శిల ఇంకా దిగలేదు.

"తెరచాప సగం!" అన్నాడు గవ్వలయ్య. ఋతుసేనుడు తాడు బిగించాడు. పగడాలు చుక్కానిని గుండెకు అదుముకుంది. "మహారాజా, చెప్పండి!" అంది.

"చల్లన" అన్నాడు శిశిరసేనుడు. "చల్లన. చల్లన... వెచ్చన!"

"కుడికి, అమ్మా!"

రాయి ఒకటి ఓడ పక్కను గీసుకుంటూ పోయింది. "వెచ్చన. వెచ్చన. చల్లన!"

"ఎడమకు!"

కోరలు ఒక్కొక్కటే వెనుకబడ్డాయి. చివరి రాయి దాటాక గవ్వలయ్య వంగి, నీటిలో వణుకుతున్న రాజు చేతిని తన కాలిన అరచేతిలోకి తీసుకుని పైకెత్తాడు. పై పంచెతో తుడిచాడు, వేలు వేలూ విడదీసి. ఆ అరచేతికి ఆ చేతి చల్లదనం తెలియదు. అయినా రాజు చేతిని వెంటనే వదలలేదు.

"చాలు ప్రభూ" అన్నాడు. "మన మధ్య బాకీ ఏమీ లేదు. పూర్తిగా తీరిపోయింది."

శిశిరసేనుడు కళ్ళు తుడుచుకుని, చెయ్యి మళ్ళీ నీటిలోకి దించాడు. "ఇరుకు దాటలేదు ఇంకా" అన్నాడు. "వెచ్చన!"

పగడాలు చుక్కాని తిప్పింది, ఓడ పొగచార వైపు మళ్ళింది.